వదిలితే ఆగే బండి

ఫిబ్రవరి 9, ఆదివారం

చక్రం ఇవాళ తిరిగింది. షెడ్డులో బండిని స్టాండు మీద నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పాను. చప్పుడే లేదు. పాత మోటారు సైకిల్ చట్రానికి కొత్త మోటారు చక్రం, సీటు కింద బ్యాటరీ పెట్టె, ఇంజనుండే చోట ఖాళీ. మా ఆవిడ వంగి ఆ ఖాళీలోంచి అవతలి గోడను చూసింది.

"దీని పేగులన్నీ ఏం చేశారు?" అంది.

పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశానన్నాను.

"సవతే అయినా జాలేస్తోంది పాపం," అని లోపలికి వెళ్ళిపోయింది. ఈ చట్రం ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ తనకిది సవతే. వంటింట్లోంచి కేకేసేటప్పుడు కూడా, "సవతిని పడుకోబెట్టి భోజనానికి రండి," అంటుంది.

ముందు బ్రేకు లీవరు గట్టిగా ఉంది. కొత్త లీవర్లు ఇంతే.

ఫిబ్రవరి 12, బుధవారం

లీవరుకి నూనె వేశాను. కేబుల్ మార్చాను. ఇంకా గట్టిగానే ఉంది. నాసిరకం సరుకు.

ఫిబ్రవరి 16, ఆదివారం

బావమరిది ఫోను పట్టుకుని వచ్చాడు. మోటారుని నడిపించే కంట్రోలరులో సెట్టింగులు మార్చేది వాడే. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం వాడిది. వాడి దృష్టిలో నేను స్పానరు పట్టుకున్న కోతిని. నా దృష్టిలో వాడు స్పానరు పట్టుకోవడం కూడా రాని కోతి. అందుకే మాకు బాగా కుదురుతుంది.

"రీజెన్ ఎంత పెట్టమంటావు బావా?"

"ఎంత ఉంటే అంత."

"అంతా పెడితే చెయ్యి వదిలీ వదలగానే బండి టక్కున ఆగుతుంది. వెనక కూర్చున్న మా అక్క వచ్చి నీ వీపుకి అతుక్కుంటుంది."

"అతుక్కోనీ. ఈ మధ్య అదీ లేదు."

వాడు పకపకా నవ్వి, ఉన్నదంతా పెట్టేశాడు.

సాయంత్రం వీధిలో నడిపి చూశాను. తిప్పితే వెళ్తుంది, వదిలితే ఆగుతుంది. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి, "వదిలితే ఆగడమేంటి, విడ్డూరం కాకపోతే," అంది. చెప్పాను. రీజెన్ అంటే ఇదే, చెయ్యి వదలగానే మోటారే జనరేటరు అవుతుంది. అప్పటిదాకా మోటారు చక్రాన్ని తిప్పింది, ఇప్పుడు చక్రం మోటారుని తిప్పాలి. ఆ బరువుకి బండి నెమ్మదిస్తుంది, పుట్టిన కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది. మామూలు బ్రేకయితే అదంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది, దండగ. ఇదయితే ఆదా.

"అంతా ఆదాయేనా? ఖర్చే లేదా?" అంది.

లేదన్నాను.

నొక్కాల్సిన పనే లేదు. వేళ్ళు వదులు చేస్తే చాలు. ఇంత మర్యాద తెలిసిన బ్రేకును లిఫ్టులు బాగుచేసే నా సర్వీసులో చూడలేదు. కేవలం ఆదా కోసమే పెట్టాను.

వెళ్ళే ముందు బావమరిది బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "వెనక బ్రేకేది?" అన్నాడు. ఈ మోటారు చక్రంలో డ్రమ్ముకి చోటు లేదు, బయట డిస్కు బిగించాలి, అప్పటిదాకా కాలి పెడల్ ఊరికే వేలాడుతుంది. తర్వాత పెడతానన్నాను.

"తర్వాతేంటి బావా? బ్యాటరీ నిండా ఉంటే రీజెన్ రాదు, తెలుసుగా. వెనక్కొచ్చే కరెంటుకి చోటుండాలి. చోటు లేదనుకో, బ్యాటరీలోని బోర్డు తలుపేసేస్తుంది. అప్పుడు నీ బ్రేకు గోవిందా."

"అందుకే నిండా పెట్టను. ముప్పావు దగ్గర ఛార్జరు పీకేస్తాను."

"మీ ఇల్లు చూస్తే వాలు పైనాయె. పోనీ ముందు బ్రేకు లీవరుని ఎడమ చేతికి మార్చేద్దామా? క్లచ్చి లేదు కదా, ఆ చెయ్యి ఖాళీయే."

అక్కర్లేదన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. వాడు హెల్మెట్టు పెట్టుకుని, "నీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 20, గురువారం

బ్యాంకు ఉన్న భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల మనుషులున్నారు. నేనూ పొడుగూ పైన మెషీన్ రూముకి పరిగెత్తాం. ఏ తలుపులోంచైనా తల వంచుకునే రావాల్సిన మనిషి కాబట్టి వాడికి ఆ పేరు. ఇలాంటప్పుడు మా పంపకం ఎప్పుడూ ఒకటే. నేను బ్రేకు లీవరు ఎత్తి పట్టుకుంటాను, పొడుగు చేతిచక్రం తిప్పి లిఫ్టుని దగ్గరి అంతస్తుకి తెస్తాడు.

లీవరు జారింది. బ్రేకు ఢామ్మని పడింది. తిరుగుతున్న చక్రం ఉన్నపళంగా ఆగిపోయి పొడుగు మణికట్టు మెలిపడింది. కింద లిఫ్టులోంచి ఒక ఆడమనిషి కేక పెట్టింది.

"ఏమైంది గురూ?"

"గ్రీజు."

"గ్రీజా?" అన్నాడు, మణికట్టు ఊదుకుంటూ.

"గ్రీజే."

రెండోసారి లీవరుని రెండు చేతులతో పట్టుకున్నాను. అందరినీ క్షేమంగా దింపాం. ఆ ఆడమనిషి మాకు దణ్ణం పెట్టబోతే పొడుగు కట్టులేని చేత్తో వద్దని ఊపాడు. అప్పటికే మణికట్టుకి జేబురుమాలు కట్టుకున్నాడు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పొడుగు నిజమైన కట్టుతో వచ్చాడు. అది తగ్గేదాకా లీవరు నువ్వు పట్టుకో, ఒక్క చెయ్యి చాలు, చక్రం నేను తిప్పుతాను అన్నాను. చక్రానికి రెండు చేతులూ వాడొచ్చు. "ఎంత ఆలోచించావు గురూ నా గురించి," అన్నాడు.

తర్వాత టీ తాగుతూ, "నిన్న నువ్వు దిగాక ఆ లీవరు తుడిచాను. గుడ్డకి ఏమీ అంటలేదు," అన్నాడు.

టీ బాగుందన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున కిటికీ దగ్గర రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూశాను. కుడిచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ తగ్గింది. చిన్న గుంటలా ఉంది. ఎడమ చేతికి లేదు. వెలుతురు ఒక పక్క నుంచే పడుతోంది కాబట్టి కావచ్చు. కుర్చీ అటు తిప్పుకుని కూర్చుని మళ్ళీ చూశాను.

భయమేసింది.

చొక్కా గుండీలు ఎడమ చేత్తో కూడా పెట్టుకోవచ్చు. అలవాటయితే పెద్ద ఆలస్యమేం కాదు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఈ పెన్ను బాగాలేదు. జారుతోంది.

ఫిబ్రవరి 27, గురువారం

మొదటిసారి వాలు దిగాను, ఒక్కడినే. మా వీధి చివర నుంచి పెద్ద రోడ్డు దాకా ఒకటే దిగుడు, చివర్లో మలుపు. పాత బండి రోజుల్లో కింద చేరేసరికి బ్రేకులు కమురు వాసన వచ్చేవి. ఇవాళ లీవరు ముట్టుకోనే లేదు. చెయ్యి వదిలి కూర్చున్నాను, బండి నడిచే మనిషిలా దిగింది. కిందికి చేరేసరికి బ్యాటరీ బయల్దేరినప్పటి కంటే కొంచెం ఎక్కువే చూపించింది. నలుగురిని ఆపి చెప్పాలనిపించింది. ఎవరూ దొరకలేదు, అరటిపండ్ల బండి ముసలాయనకి చెప్పాను. "అయితే పైకెక్కేటప్పుడు?" అన్నాడు. పైకెక్కేటప్పుడు ఖర్చవుతుందన్నాను. "అదే మరి," అని పండు చేతిలో పెట్టాడు.

సంతోషంగా ఉంది. చెయ్యి సంగతి మరీ ఎక్కువగా ఆలోచిస్తున్నాను.

మార్చి 2, ఆదివారం

సాయంత్రం మా ఆవిడా నేనూ బజారుకి నడిచి వెళ్ళాం. సంచీ నా ఎడమ చేతిలో, కుడి చెయ్యి జేబులో.

"ఆ చెయ్యి బయటికి తీస్తే సొమ్మేం పోతుంది?"

"చలిగా ఉంది."

"నాకిక్కడ చెమటలు కారుతుంటే మీకు చలా?"

నాలుగడుగులు నాకంటే ముందు నడిచింది. తర్వాత, "పెళ్ళయిన కొత్తలో రోడ్డు దాటినా చెయ్యి వదిలేవారు కాదు. నాకే సిగ్గేసి విడిపించుకునేదాన్ని," అంది. "ఇప్పుడా చెయ్యి సవతి సొమ్మయిపోయింది."

నవ్వుతూనే అంది. కానీ కూరగాయలు కొన్నంతసేపూ నా వైపు చూడలేదు.

తను అలా అనుకోవడమే నయం అని రాయబోయి ఆగాను. ఆగి రాశాను.

మార్చి 6, గురువారం

పొడుగు బండి చూడ్డానికి వచ్చాడు. కట్టు విప్పేశాడు గానీ మణికట్టు ఇంకా కొద్దిగా వాచే ఉంది. బండి ఎలా ఆగుతుందో చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. గడ్డం గోక్కున్నాడు.

"లిఫ్టులో మనమేం చేస్తాం గురూ? కరెంటుంటే బ్రేకు తెరుచుకుంటుంది, కరెంటు పోతే స్ప్రింగు వచ్చి మూసేస్తుంది. ఏదీ పనిచెయ్యకపోయినా బ్రేకొక్కటీ పనిచెయ్యాలి. నువ్వే కదా నాకు నేర్పింది. నీ బండి తలకిందులుగా ఉంది. అన్నీ బాగుంటేనే ఆగుతుంది."

"ముందు బ్రేకుంది కదా."

వాడు వంగి, లీవరుని రెండు వేళ్ళతో నొక్కి వదిలాడు. "మెత్తగా బాగానే ఉందే," అన్నాడు.

గట్టిగా ఉందని నేను వాడితో ఎప్పుడూ అనలేదు. ఎందుకన్నాడో.

మార్చి 9, ఆదివారం

మా ఆవిడని కటింగ్ మాస్టర్‌ని చేశారు. చొక్కాలు కుట్టే కార్ఖానాలో ఇన్నేళ్ళూ ఇంకొకరు గీసిన గీత మీద కోసింది. ఇకమీదట గీత తనది, కోసేది మిగతావాళ్ళు. వార్త చెబుతూ నిలబడలేక వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది. నాకూ కడుపు నిండినట్టయింది. చెప్పాను. "ఒట్టి మాటలేనా?" అంది.

"ఏం కావాలి?"

"రేపు కాదు, పై సోమవారం మొదటి రోజు. బస్సులో నలిగిపోతూ వెళ్ళను. సవతి మీద దింపండి. గేటు దాకా, అందరూ చూడాలి."

"ఇద్దరు పెళ్ళాలతో వచ్చాడంటారు."

"అననీండి. చిన్నది నోరెత్తదుగా."

దింపుతానన్నాను. ఈలోగా వెనక డిస్కు పెట్టేయాలి. సామాను వచ్చి వారమయింది.

మార్చి 13, గురువారం

డిస్కు బిగించడానికి కూర్చున్నాను. బోల్టు చివరి బిగింపుకి స్పానరు జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. సగం బిగిసిన డిస్కు కంటే లేనిదే నయమని విప్పేశాను. బావమరిదిని పిలిస్తే టీ చల్లారేలోపు అయిపోయే పని.

పిలవలేదు. వచ్చే వారం చూద్దాం.

మార్చి 14, శుక్రవారం

గ్లాసు పగిలింది. తడి చెయ్యి.

మార్చి 16, ఆదివారం

బండి కడిగాను. ముప్పావు దగ్గర ఛార్జరు తీసేశాను. టైర్లలో గాలి సరిగ్గా ఉంది. వెనక సీటు తుడుస్తుంటే మా ఆవిడ వచ్చి, "నా కోసమా దాని కోసమా?" అంది. ఇద్దరి కోసమూ అన్నాను. రేపటికి ఇస్త్రీ చేసిన చీర కుర్చీ మీద వేసి ఉంది.

మార్చి 17, సోమవారం

ఇద్దరం క్షేమం. బండికేమీ కాలేదు.

మార్చి 18, మంగళవారం

సెలవు పెట్టాను. నిన్నటి సంగతి వరసగా రాస్తే మంచిదనిపించింది.

పొద్దున షెడ్డు తలుపు తీస్తే ఛార్జరు బండికి తగిలించి ఉంది. పచ్చలైటు. మీటరు మీద బ్యాటరీ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మా ఆవిడ టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుంటూ వెనకే వచ్చింది.

"ముప్పావే ఉంటే నేనే మళ్ళీ పెట్టాను. దారిలో ఆగిపోతే నా పరువేం కావాలి?"

తనకి ఏమీ తెలియదు. నేను చెప్పలేదు. నిండుగా పెట్టకూడదని చెబితే ఎందుకని అడిగేది. రీజెన్ రాదని చెబితే, మామూలు బ్రేకుంది కదా అనేది. అక్కడి దాకా పోతే ఇక చెప్పడానికి ఒకటే మిగులుతుంది.

బస్సులో వెళ్దామనొచ్చు. వీధిలో అటూ ఇటూ తిప్పి కాస్త ఖర్చు చెయ్యొచ్చు. తను హెల్మెట్టు పెట్టుకుని, చీర కొంగు నడుముకి చుట్టుకుని, గేటు పట్టుకుని నిలబడింది. పక్కింటావిడ కిటికీలోంచి చూస్తోంది. వీధి చివరిదాకా చదునుగానే ఉంటుంది కదా, ఆపాటికి కొంత ఖర్చవుతుందిలే అనుకున్నాను. ఎంత ఖర్చవుతుందో నాకు బాగా తెలుసు. చాలదని తెలుసు. బయల్దేరాను.

వాలు మొదట్లో బండి ఎప్పటిలాగే పట్టుకుంది. తను వచ్చి వీపుకి తగిలి, "అబ్బ, బాగుందే," అంది. ఆ తర్వాత పట్టు పోయింది. మెల్లగా కాదు, ఒక్కసారిగా. మీటరు మీద ఎర్రలైటు వెలిగింది. ఇద్దరి బరువుతో బండి జారడం మొదలుపెట్టింది. కాలి పెడల్ తొక్కాను. దానికింద ఏమీ లేదని తెలిసే తొక్కాను.

లీవరు నొక్కాను. నాలుగు వేళ్ళతో, ఉన్న శక్తంతా పెట్టి. కొంచెం కదిలింది. బండి కొంచెం కూడా లెక్కచెయ్యలేదు. ఎడమ చెయ్యి ఇటు తెద్దామంటే హ్యాండిల్ ఊగింది. కింద మలుపులో ఇసుక లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా వెనక్కి తిరుగుతోంది.

"నెమ్మదిగా పోనివ్వండి," అంది. ఇంకా నవ్వుతూనే ఉంది.

"నా చెయ్యి నొక్కు," అన్నాను.

"ఏంటి?"

"కుడి చెయ్యి. నా చెయ్యి మీద చెయ్యేసి నొక్కు. నాకు బలం చాలడం లేదు. నొక్కు!"

వెనక నుంచి వాలి, నా చంక కింద నుంచి చెయ్యి సాచి, నా వేళ్ళ మీద వేళ్ళు వేసి నొక్కింది. రోజంతా గుడ్డ దొంతర్లు కోసే చెయ్యి. లీవరు హ్యాండిల్‌కి ఆనేదాకా పోయింది, మధ్యలో నా వేళ్ళు నలిగాయి. ముందు చక్రం కీచుమంది. బండి ఊగి, తోక విసిరి, ఆగింది. లారీ చక్రం కాలికి అందేంత దూరంలో ఉంది.

లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "కళ్ళు నెత్తికెక్కాయా?" అని మొదలుపెట్టాడు. "నువ్వు కాసేపు ఉండవయ్యా," అంది మా ఆవిడ. వాడు నిజంగానే ఊరుకున్నాడు.

తను దిగింది. హెల్మెట్టు తీసింది.

"బ్రేకు పాడయిందా?"

అవునంటే అయిపోయేది. అనబోయాను కూడా. కానీ తన చెయ్యి మళ్ళీ నా చెయ్యి మీదికి వచ్చింది. నా వేళ్ళు తెరిచి చూసింది, మూసి చూసింది. బొటనవేలి పక్క గుంట మీద వేలు ఆగింది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం ముందు నుంచి."

"ఈ బండి మొదలుపెట్టకముందే."

"ముందే."

తను బండి వైపు చూసింది, నా వైపు చూసింది. గొంతు లేచింది. దారిన పోయేవాళ్ళు ఆగారు.

"చెయ్యి పట్టు తప్పుతోందని నాకొక మాట చెప్పడానికి నోరు రాలేదా మీకు? దానికి ఏకంగా బండి తయారు చేశారా? ఇన్ని నెలలు షెడ్డులో కూర్చుని?"

తను ముక్కు తుడుచుకుంది. కాస్త తగ్గి, "నేను నింపినందుకేనా? ఆ ఛార్జరు నేను పెట్టినందుకేనా ఇలా అయింది?" అంది.

తన మీదికి పోనివ్వడం నావల్ల కాలేదు. నిండినట్టు చూశానని, చూసే బయల్దేరానని చెప్పాను.

ఆ మాట విన్నాక తను సంచీ భుజానికి వేసుకుని పెద్ద రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది. మొదటి రోజు. నేను చూస్తూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బండి ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. పైకి ఎక్కడానికి బ్రేకు అక్కర్లేదు. అద్భుతంగా ఎక్కింది.

మార్చి 20, గురువారం

మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు. గోడతో మాట్లాడుతోంది. "స్నానానికి నీళ్ళు కాగాయి." "అన్నం మూత కింద ఉంది." గోడ అన్నీ వింటోంది. నేను గోడ తరఫున ఊఁ అంటున్నాను.

బావమరిది ఫోను చేశాడు. వాళ్ళక్క చెప్పినట్టుంది, ఏమీ అడగలేదు. "డిస్కు ఆదివారం వచ్చి పెడతా," అన్నాడు. లీవరు ఎడమ చేతికి మార్చమన్నాను. "సరే బావా," అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక వెక్కిరింత తగిలించకుండా ఫోను పెట్టని మనిషి.

మార్చి 21, శుక్రవారం

పొడుగుకి చెప్పాను. మెషీన్ రూములోనే, ఆ లీవరు పక్కనే నిలబడి. వాడు తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"అయితే గ్రీజు కాదు."

"కాదు."

"నా చక్రం నువ్వు తీసుకున్నది నా మీద జాలితో కాదు."

"కాదు."

నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పనిముట్ల సంచీ సర్దుకుంటూ, "లిఫ్టులో మనుషులుంటారు గురూ," అన్నాడు, అంతే. వాడు కిందికి దిగాక నేను అక్కడే కాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళు చేసిన పని. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

తర్వాత సూపర్‌వైజర్ గదికి వెళ్ళి, ఇకమీదట మెషీన్ రూముకి నన్ను పంపొద్దని చెప్పాను. కారణం చెప్పాను. డాక్టరు ఏమంటారో చూసి మాట్లాడదాం అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

మార్చి 23, ఆదివారం

బావమరిది డిస్కు పెట్టాడు, లీవరు మార్చాడు. నేను బోల్టులు అందించాను. ఎడమ చేత్తో.

మా ఆవిడ షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, తలుపు చెక్కతో చెప్పింది: "బుధవారం సాయంత్రం నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాను. ఎవరికైనా చెవిన పడితే మంచిది."

"అక్కా, ఆ తలుపుకి జబ్బేంటి?" అన్నాడు వాడు.

తను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కానీ తను వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడి వాడు చివరి బోల్టు బిగించేదాకా చూసింది.

మార్చి 26, బుధవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర టింకరగా పోతున్నాయి, వేగం లేదు. చదివేది నేనే కదా.

బస్సులో వెళ్ళాం. పక్కపక్కనే కూర్చున్నాం. వరుసలో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. గోడ మీద నరాల బొమ్మ ఒకటి ఉంది, వైరింగు పటం కంటే శుభ్రంగా గీశారు. తను దాన్నే చూస్తూ కూర్చుంది.

డాక్టరుగారు చిన్నవయసు. హుషారైన మనిషి. చిన్న సుత్తితో మోచేతులు, మోకాళ్ళు తట్టి చూశారు, కళ్ళు మూసుకోమన్నారు, సూదితో గుచ్చి ఎక్కడో చెప్పమన్నారు. తర్వాత రెండు వేళ్ళు చాపి, పట్టుకుని నొక్కమన్నారు. ముందు ఎడమ చెయ్యి.

"అమ్మో, చాలు చాలు. నా వేళ్ళు నాకు కావాలి," అని నవ్వారు. "ఇప్పుడు కుడి."

పట్టుకున్నాను. నొక్కాను. వాలు మీద నొక్కినట్టే, ఉన్నదంతా పెట్టి. దవడలు నొప్పి పుట్టాయి. మెడ మీద చెమట పట్టింది. డాక్టరుగారు ఆ నవ్వుముఖంతోనే నన్ను చూస్తూ ఎదురుచూస్తున్నారు.

"ఊఁ, కానివ్వండి. మొదలుపెట్టండి," అన్నారు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడయింది. తను లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

"నొక్కుతూనే ఉన్నారండీ," అంది మా ఆవిడ.